మిర్చి పట్టీ యాప్: రస్ట్‌తో నా ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 1, ఆదివారం

గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయికి చిన్న కమిషన్ కొట్టు ఉంది. సీజన్ ఊపందుకుంటే సాయంత్రానికి కొట్టు ముందు రైతులు పట్టీల కోసం నిలబడి ఉంటారు. పట్టీ అంటే సరుకు అమ్మిన లెక్క కాగితం. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటాలో ఎంత తూగింది, గోతాల తరుగు ఎంత, క్వింటా రేటు ఎంత, హమాలీ, కమిషన్ పోగా చేతికి ఎంత వస్తుంది, అన్నీ అందులోనే. మా గుమాస్తా గారు ముప్పై ఏళ్లుగా ఈ లెక్క క్యాలిక్యులేటర్ మీద వేస్తున్నారు. ఒక్కొక్క టిక్కీ బరువూ చిత్తు పుస్తకంలో వరసగా రాసుకుని, కూడి, మళ్లీ కూడి చూసుకుని అప్పుడు పట్టీ రాస్తారు. ఈమధ్య ఆయనకు కన్ను ఆపరేషన్ అయింది. చిన్న అంకెలు చదవడం కష్టంగా ఉందని బాబాయితో అన్నారట.

అందుకే ఈ యాప్. ఫోన్‌లో పెద్ద అంకెలతో, బ్రౌజర్‌లోనే తెరుచుకోవాలి. షెడ్డు లోపల సిగ్నల్ సరిగ్గా ఉండదు కాబట్టి నెట్ లేకపోయినా నడవాలి. యార్డుకి శని, ఆదివారాలు సెలవు. నాకూ అవే సెలవులు. అంటే ఆ రెండు రోజులు రాయడం, మిగతా రోజుల్లో కొట్టులో పరీక్షించడం.

రస్ట్ ఎందుకంటే, బరువుని డబ్బుతో పొరపాటున కలిపితే నడవకముందే ఆపేసే భాష నాకు కావాలి. గ్రాములకు ఒక టైపు, పైసలకు ఒక టైపు పెట్టుకుంటే కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలరే కాపలా కాస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. 2021 జూన్‌లో వచ్చిన 1.53 వెర్షన్ నుంచి రస్ట్‌లో పేర్లు తెలుగులోనూ పెట్టుకోవచ్చు. నా కోడ్‌లో ఆ రెండు టైపుల పేర్లు అక్షరాలా ‘గ్రాములు’, ‘పైసలు’. ఆ రెండు పదాలూ స్క్రీన్ మీద చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

ఫిబ్రవరి 3, మంగళవారం రాత్రి

రెడీమేడ్ టూల్ పట్టుకునే ముందు అది లోపల ఏం చేస్తుందో ఒకసారి చేత్తో చేసి చూద్దామనుకున్నాను. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ దండగ కాలేదు.

ముందు రస్ట్ ఇన్‌స్టాలర్ రస్టప్‌తో ‘వాజం32-అన్‌నోన్-అన్‌నోన్’ అనే టార్గెట్ జోడించాలి. వాజం అంటే వెబ్‌అసెంబ్లీ, బ్రౌజర్ నడపగలిగే కోడ్. మొదటి ‘అన్‌నోన్’ తయారీదారు సంగతి, రెండోది ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి. కింద ఏ ఓఎస్ ఉందో ఈ ప్రోగ్రామ్‌కి తెలియదు, అంటే ఫైళ్లూ ఉండవు, గడియారమూ ఉండదు. టైమ్ చూద్దామని మామూలు ఇన్‌స్టంట్ పిలిస్తే ఇక్కడ ప్రోగ్రామ్ పానిక్ అయి ఆగిపోతుంది. ఆ టార్గెట్ పెట్టి, రస్ట్ బిల్డ్ టూల్ కార్గోతో ‘కార్గో బిల్డ్’ కొడితే ఒక వాజం ఫైలు వస్తుంది. అదొక్కటే బ్రౌజర్‌కి ఇస్తే పని జరగదు. వాజంకి సొంతంగా పేజీలో ఒక బటన్‌ని కూడా ముట్టుకునే దారి లేదు. ఆ మధ్యవర్తిత్వం జావాస్క్రిప్ట్ చేయాలి. ఆ జావాస్క్రిప్ట్‌ని తయారు చేసేది వాజం-బైండ్‌జెన్ అనే కమాండ్.

మొదటి దెబ్బ ఇక్కడే తగిలింది. వాజం-బైండ్‌జెన్ రెండు చోట్ల ఉంటుంది: ఒకటి మన కోడ్‌లో లైబ్రరీగా, రెండోది టెర్మినల్‌లో కమాండ్‌గా. రెండింటి వెర్షన్ ఒకటే అయి ఉండాలి. దగ్గర దగ్గరగా ఉంటే చాలదు, చివరి అంకె దాకా సరిపోవాలి. నేను నా పాత ప్రాక్టీస్ ప్రాజెక్టు ఫోల్డర్‌ని కాపీ చేసి మొదలుపెట్టాను కాబట్టి కార్గో లాక్ ఫైల్లో (లైబ్రరీల వెర్షన్లు రాసి ఉండేది) పాత వెర్షన్ ఉంది. కమాండ్ మాత్రం ఈ రోజు ఇన్‌స్టాల్ చేసిన కొత్తది. స్కీమా వెర్షన్లు కలవలేదంటూ రెండు నంబర్లూ చూపించి ఆగిపోయింది. ఎర్రర్ శుభ్రంగా ఉంది, ఏం చేయాలో కూడా అందులోనే రాసి ఉంది. లాక్ ఫైల్లో ఉన్న నంబరు చూసుకుని అదే వెర్షన్ కమాండ్ వేసుకున్నాను.

రాత్రి పదకొండున్నరకి పేజీలో ‘నమస్కారం’ అని కనపడింది.

ఫిబ్రవరి 7, శనివారం

ఇవాళ ట్రంక్ అనే బిల్డ్ టూల్‌కి మారాను. చేత్తో చేసిన ఆ బిల్డ్, బైండ్‌జెన్ పనులు ఇది ఒక్క కమాండ్‌తో చేస్తుంది. లాక్ ఫైలు చదివి సరిపడే వాజం-బైండ్‌జెన్‌ని అదే దించుకుంటుంది. కార్గో ఇన్‌స్టాల్‌తో పెడితే ట్రంక్ మొత్తాన్ని సోర్స్ నుంచి కంపైల్ చేస్తుంది. నా పాత ల్యాప్‌టాప్ మీద అదొక పెద్ద పని. ‘కార్గో బిన్‌స్టాల్’ ఉంటే ముందే తయారుగా ఉన్న బైనరీ దిగిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇదే వాడండి, లేకపోతే మొదటి రోజే విసుగొస్తుంది.

వేరే టూల్స్ కూడా చూశాను. వాజం-ప్యాక్ అసలు ఉద్దేశం రస్ట్‌లో రాసిన ముక్కని జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులో వాడుకునే ప్యాకేజీగా మార్చడం. నాకు జావాస్క్రిప్ట్ ప్రాజెక్టే లేదు. కార్గో-లెప్టోస్ సర్వర్ కూడా రస్ట్‌లోనే ఉన్నప్పుడు బాగుంటుంది, రెండు వైపులా కలిపి బిల్డ్ చేస్తుంది. కొట్టులో సర్వర్ పెట్టే ఆలోచన నాకు లేదు. డయాక్సస్ వాళ్ల డీఎక్స్ కమాండ్ వాడాలంటే ఆ ఫ్రేమ్‌వర్క్‌లోనే రాయాలి. నేను లెప్టోస్ అనే రస్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో, పూర్తిగా బ్రౌజర్‌లోనే నడిచే పద్ధతిలో రాస్తున్నాను. దానికి ట్రంక్ సరిగ్గా సరిపోతుంది.

నాకు బాగా నచ్చింది, ట్రంక్‌కి మొదలు ఇండెక్స్ హెచ్‌టీఎంఎల్ ఫైలే. రస్ట్ కోడ్ ఎక్కడుంది, సీఎస్ఎస్ ఎక్కడుంది, ఏ ఫైలుని అలాగే కాపీ చేయాలి, అన్నీ ఆ పేజీలోనే లింక్ ట్యాగులుగా, ‘డేటా-ట్రంక్’ అని గుర్తు పెట్టి రాస్తాం. ‘ట్రంక్ సర్వ్’ కొడితే 8080 పోర్టులో పేజీ వస్తుంది. కోడ్ మార్చి సేవ్ చేస్తే తిరిగి బిల్డ్ అయి పేజీ తనంతట తనే రీలోడ్ అవుతుంది.

ఈ వారంలోనే నేర్చుకున్న ఒక అలవాటు: రాస్తున్నంతసేపూ ‘కార్గో చెక్’ వాడటం. పూర్తి బిల్డ్ చేయకుండా తప్పులు మాత్రం చూపిస్తుంది. పేజీ చూడాల్సి వచ్చినప్పుడే ట్రంక్.

ఫిబ్రవరి 8, ఆదివారం

గుమాస్తా గారు ఇంటికొచ్చారు. అమ్మ కాఫీ ఇచ్చింది. ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి నేను గీసిన స్క్రీన్ చూపించాను. ఒక్కో టిక్కీకి ఒక్కో పెట్టె, పక్కన ‘జోడించు’ బటన్. ఆయన రెండు నిమిషాలు చూసి, “అమ్మా, కాటా దగ్గర అతను బరువు పాడుతుంటే మేం రాసుకుంటూ పోతాం. మధ్యలో బటన్ నొక్కే తీరిక ఉండదు,” అన్నారు.

నిజమే. బటన్ తీసేశాను. అంకె కొట్టి ఎంటర్ నొక్కితే కింద కొత్త వరస వచ్చేలా మార్చాను. పది టిక్కీలకు ఒకసారి గీత కూడా అడిగారు, చిత్తు పుస్తకంలో ఆయన అలాగే గీస్తారట, లెక్క తప్పకుండా. పెట్టాను.

రూపాయల్లో కామాలు మన పద్ధతిలో ఉండాలి: 1,04,967. చివర మూడంకెలు, తర్వాత రెండేసి. పది వరసల ఫంక్షన్, దానికి ఆరు టెస్టులు.

ఫిబ్రవరి 11, బుధవారం

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి.

ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి, ‘ట్రంక్ బిల్డ్ రిలీజ్’ కొట్టి, తయారైన ఫోల్డర్‌ని నెట్‌లో పెట్టి, ఫోన్‌లో తెరుచుకుని యార్డుకి వెళ్లాను. చుట్టుగుంట దాటేసరికే ఘాటుకి దగ్గు మొదలైంది. అలవాటు తప్పిపోయింది. కొట్టులో అప్పుడే ఒక రైతు సరుకు కాటా అయింది, 18 టిక్కీలు. గుమాస్తా గారు వరసగా బరువులు కొట్టారు. మొత్తం 781 కిలోల 400 గ్రాములు. గోతానికి కిలో చొప్పున తరుగు తీస్తే 763 కిలోల 400 గ్రాములు. రేటు క్వింటా 13,750. ‘లెక్క’ అని నొక్కారు.

స్క్రీన్ మీద 170 రూపాయల 29 పైసలు.

ఆయన ఏమీ కంగారు పడలేదు. “ఏడున్నర క్వింటాళ్ల పైచిలుకమ్మా. లక్ష దాటాలి,” అని క్యాలిక్యులేటర్ అందుకున్నారు. 1,04,967 రూపాయల 50 పైసలు. కానీ పక్కన నిలబడ్డ రైతు ఆ ఫోన్ వైపు చూసిన చూపు నాకు గుర్తుండిపోయింది. సంవత్సరం కష్టం ఆ అంకెలో ఉంది ఆయనకి. బాబాయి “కొత్తది కదా, అమ్మాయి సరిచేస్తుందిలే” అని సర్దిచెప్పాడు. నేను ఫోన్ తీసుకుని బయటికొచ్చేశాను.

ఇంటికొచ్చి తవ్వాను. లెక్క ఇది: గ్రాముల్లో బరువు 7,63,400. క్వింటా రేటు పైసల్లో 13,75,000. రెండూ గుణించి, క్వింటాలో ఉన్న 1,00,000 గ్రాములతో భాగించాలి. గుణిస్తే లక్ష కోట్లు దాటిన సంఖ్య వస్తుంది. నేను బరువు మైనస్‌లోకి పోదు కదా అని టైపు ‘యూసైజ్’ (మైనస్ లేని పూర్ణాంకాల టైపు, సైజు మెషీన్‌ని బట్టి) పెట్టాను. నా ల్యాప్‌టాప్‌లో యూసైజ్ 64 బిట్లు, అంత సంఖ్య సుఖంగా పడుతుంది. అందుకే కార్గో టెస్ట్ మొత్తం పచ్చగా వచ్చింది. కానీ ఆ టెస్టులు నడిచింది ల్యాప్‌టాప్ మీద. వాజం32లో ఆ 32 ఊరికే లేదు. అక్కడ యూసైజ్ 32 బిట్లే, 429 కోట్ల చిల్లర దాటితే పట్టదు. పట్టని భాగం తెగిపోయి, మిగిలిన 170,29,79,776ని లక్షతో భాగిస్తే వచ్చేది 17,029 పైసలు. చేత్తో కాగితం మీద వేసి చూసుకున్నాను. సరిగ్గా ఆ అంకే.

డీబగ్ బిల్డ్ (కోడ్ రాసేటప్పుడు వాడేది) అయితే ఇలాంటి చోట పానిక్ అయి ఆగిపోయేది. రిలీజ్ బిల్డ్‌లో ఆ తనిఖీ మామూలుగా ఉండదు, తప్పు అంకెతో మౌనంగా ముందుకు పోతుంది. మరి ఇన్ని రోజులు ట్రంక్ సర్వ్‌తో డీబగ్‌లో చూశాను కదా, అప్పుడెందుకు ఆగలేదు? ఎందుకంటే స్క్రీన్ చూసుకోవడానికి ఒక కిలో, వంద రూపాయలు అని ఏవో చిన్న అంకెలు కొట్టాను. నిజం పట్టీ ఒక్కటి ఎక్కించి ఉన్నా మొదటి రోజే దొరికేది. తప్పు నాదే.

రాత్రి ఒంటిగంట. టైపులన్నీ ఎక్కడైనా 64 బిట్లే ఉండే ఐ64కి మార్చాను. నిద్ర పట్టడం లేదు.

ఫిబ్రవరి 12, గురువారం

పొద్దున్నే లేచి మూడు పనులు చేశాను.

గుణకారం ఉన్న ప్రతి చోటా ‘చెక్డ్ మల్’ పెట్టాను. పట్టకపోతే అంకె బదులు “లెక్క కుదరలేదు, చేత్తో వేయండి” అని పెద్ద ఎర్ర అక్షరాలు వస్తాయి. కార్గో టోమల్ అనే సెట్టింగుల ఫైల్లో రిలీజ్ ప్రొఫైల్ కింద ‘ఓవర్‌ఫ్లో-చెక్స్’ ట్రూ చేశాను. ఫైలు కాస్త పెరుగుతుంది, కొద్దిగా నెమ్మదిస్తుంది అంటారు. పట్టీ లెక్కలో ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు. డబ్బు ముట్టుకునే ప్రతి ప్రాజెక్టులో ఇది ఉండాలని నా గట్టి అభిప్రాయం.

మూడోది, టెస్టులు నడిచే చోటు మార్చాను. వాజం-ప్యాక్ వద్దనుకున్నానని పైన రాశాను కదా, దాని టెస్ట్ కమాండ్ మాత్రం తెచ్చుకున్నాను. ‘వాజం-ప్యాక్ టెస్ట్’కి హెడ్‌లెస్, క్రోమ్ అని చెబితే కనపడని బ్రౌజర్ తెరిచి టెస్టులని నిజంగా వాజంలోనే నడుపుతుంది. ముందు రోజు కోడ్‌ని గిట్‌లో వెనక్కి తీసుకుని, 18 టిక్కీల పట్టీని టెస్టుగా రాసి నడిపాను. ల్యాప్‌టాప్ మీద పాస్, బ్రౌజర్‌లో ఫెయిల్. ఆ ఫెయిల్ చూశాకే నాకు ఊపిరి ఆడింది. కొత్త కోడ్‌తో రెండు చోట్లా పాస్.

బాబాయిని అడిగి పోయిన సీజన్ చిత్తు పుస్తకాలు రెండు తెచ్చుకున్నాను. అందులోంచి నలభై పట్టీలు పేర్లు లేకుండా టెస్టులుగా ఎక్కిస్తున్నాను. గుమాస్తా గారి చేతిరాత ముత్యాల్లా ఉంది. నలభైలో ఒక్క కూడిక తప్పు కూడా ఇంతవరకు దొరకలేదు.

కన్సోల్-ఎర్రర్-పానిక్-హుక్ కూడా పెట్టాను. అది లేకపోతే పానిక్ అయినప్పుడు బ్రౌజర్ కన్సోల్‌లో ‘అన్‌రీచబుల్’ అన్న ఒక్క ముక్కే కనపడుతుంది. ఉంటే ఏ ఫైల్లో ఏ వరసో చెబుతుంది.

ఫిబ్రవరి 15, ఆదివారం, శివరాత్రి

ఇంట్లో అందరూ కోటప్పకొండ వెళ్లారు. నేను ఉపవాసం, ఇంట్లోనే ఉన్నాను. నెట్ లేకుండా నడిపించే పని ఈ రోజు పెట్టుకున్నాను.

దీనికి సర్వీస్ వర్కర్ కావాలి. యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఫైళ్లన్నీ ఫోన్‌లో దాచి, తర్వాత నెట్ లేకపోతే అందులోంచి ఇచ్చే చిన్న జావాస్క్రిప్ట్ ఫైలు. దానికి ఏ ఏ ఫైళ్లు దాచాలో జాబితా ఇవ్వాలి. చిక్కు అక్కడే. ట్రంక్ వాజం ఫైలు పేరులో ఒక హ్యాష్ (ఫైలు సారం నుంచి లెక్కించిన గుర్తు) కలుపుతుంది, కోడ్ మారితే పేరూ మారుతుంది. పాత ఫైలు బ్రౌజర్‌లో అతుక్కుపోకుండా ఉండటానికి అది మంచి పద్ధతే. కానీ నా జాబితా ప్రతి బిల్డ్‌కీ మారాలి. హ్యాష్ ఆపేసే సెట్టింగ్ ఉంది, నాకు ఆపడం ఇష్టం లేదు.

చిన్న కమాండ్ ఒకటి రాసుకున్నాను, అది కూడా రస్ట్‌లోనే. అదే రిపోలో ‘ఎక్స్‌టాస్క్’ అనే వేరే క్రేట్ (రస్ట్ ప్యాకేజీ) పెట్టి, కార్గో కాన్ఫిగ్‌లో మారుపేరు ఇస్తే ‘కార్గో ఎక్స్‌టాస్క్’ అని పిలవచ్చు. విడిగా ఏ స్క్రిప్టు భాషా అక్కర్లేదు, రస్ట్ ఉన్న ఏ మెషీన్ మీదైనా నడుస్తుంది. ఫోల్డర్ చూసి జాబితా రాయడమే దాని పని. బిల్డ్‌తో పాటు దానంతటదే నడిచేలా ట్రంక్ టోమల్‌లో హుక్‌గా తగిలించాను, ‘పోస్ట్ బిల్డ్’ దశలో.

మొదటి ప్రయత్నంలో జాబితాని ప్రాజెక్టు ఫోల్డర్‌లో రాయించాను. ట్రంక్ సర్వ్ ఆ ఫోల్డర్‌ని కనిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, ఫైలు మారింది అని మళ్లీ బిల్డ్, బిల్డ్ అయ్యాక హుక్, హుక్ మళ్లీ ఫైలు రాసింది, మళ్లీ బిల్డ్. ల్యాప్‌టాప్ ఫ్యాను రొద పెడుతుంటే గానీ గమనించలేదు.

రెండోసారి ‘డిస్ట్’ ఫోల్డర్ చదివి అందులోనే రాయించాను. ఈసారి బిల్డ్ ఆగింది, కానీ జాబితాలో ఎప్పుడూ ఒక బిల్డ్ వెనకటి పేర్లే. గంట సేపు నా కోడ్‌లోనే తప్పు వెతికాను. చివరికి ట్రంక్ డాక్యుమెంటేషన్ నిదానంగా చదివితే తేలింది. ట్రంక్ అన్నింటినీ ముందు ఒక స్టేజింగ్ ఫోల్డర్‌లో తయారు చేస్తుంది. పోస్ట్ బిల్డ్ హుక్ నడిచేటప్పటికి కొత్త ఫైళ్లు ఆ స్టేజింగ్‌లోనే ఉంటాయి, డిస్ట్‌లోకి ఇంకా రావు. అంటే నేను ప్రతిసారీ నిన్నటి వంట చూసి ఇవాళ్టి వడ్డన రాస్తున్నాను. స్టేజింగ్ ఫోల్డర్ దారి ఎక్కడుందో ట్రంకే ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో హుక్‌కి ఇస్తుంది. దాన్ని చదివి, అక్కడే రాయించాను. సరిపోయింది. ప్రొఫైల్ ఏదో చెప్పే వేరియబుల్ కూడా ఉంది, దాన్ని చూసి డీబగ్‌లో సర్వీస్ వర్కర్ పెట్టకుండా చేశాను. లేకపోతే కోడ్ మార్చినా పాత పేజీయే కనపడుతుంది.

అర్ధరాత్రి లింగోద్భవ కాలానికి వీధి చివర గుడిలో గంటలు మోగుతుంటే వైఫై ఆపేసి పేజీ రీలోడ్ చేశాను. తెరుచుకుంది.

ఫిబ్రవరి 18, బుధవారం

ల్యాప్‌టాప్ చిరునామా ఫోన్ బ్రౌజర్‌లో కొడితే పేజీ వస్తోంది గానీ సర్వీస్ వర్కర్ నమోదు కావడం లేదు. కారణం, అది హెచ్‌టీటీపీఎస్ మీద గానీ లోకల్‌హోస్ట్ మీద గానీ మాత్రమే పని చేస్తుంది. ప్రతి చిన్న మార్పుకీ నెట్‌లో పెట్టి చూడనక్కర్లేని దారి దొరికింది. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, ‘ఏడీబీ రివర్స్’ అనే ఆండ్రాయిడ్ టూల్ కమాండ్‌తో 8080 పోర్టు మళ్లిస్తే ఫోన్‌కి ల్యాప్‌టాపే లోకల్‌హోస్ట్ అయిపోతుంది. ఒక్క వరస కమాండ్, ఎంత టైమ్ మిగిలిందో.

సైజు తగ్గించే పని కూడా ఇవాళే అయింది. రిలీజ్ ప్రొఫైల్‌లో ఆప్ట్ లెవెల్ ‘జెడ్’ (వేగం కన్నా సైజుకి ప్రాధాన్యం), ఎల్‌టీఓ ట్రూ, కోడ్‌జెన్ యూనిట్లు 1. ఇండెక్స్ ఫైల్లో, వాజం ఫైలుని కుదించే వాజం-ఆప్ట్‌కి కూడా ‘జెడ్’. వాజం-బైండ్‌జెన్, వాజం-ఆప్ట్ వెర్షన్లు రెండూ ట్రంక్ టోమల్‌లో రాసి పెట్టేశాను. ఆరు నెలల తర్వాత ఇంకో మెషీన్ మీద బిల్డ్ చేసినా ఇదే ఫైలు రావాలి. వచ్చే సీజన్‌కి నేను ఈ ఊళ్లో ఉంటానో లేదో.

ఫిబ్రవరి 24, మంగళవారం

మళ్లీ యార్డుకి వెళ్లాను. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి గుమాస్తా గారి చేతికిచ్చాను. 32 టిక్కీల సరుకు. కాటా అతను పాడుతున్నాడు: నలభై మూడు రెండొందలు, నలభై నాలుగు నూరు, నలభై రెండు తొమ్మిదొందలు. ఆయన తల ఎత్తకుండా కొడుతూ పోయారు. పదేసి దగ్గర గీత పడుతుంటే చూసి తల ఊపారు. నేను పక్కన నిలబడి చేతులు నలుపుకుంటున్నాను, అంత టెన్షన్.

లెక్క నొక్కారు. క్యాలిక్యులేటర్ కూడా తీశారు. ఒకసారి కూడారు, అలవాటు ప్రకారం రెండోసారి కూడారు. పైసలతో సహా ఒకటే అంకె.

ఏమీ అనలేదు. ఫోన్‌లో ఉన్నది చూసి పట్టీ కాగితం మీద రాసి, రైతుకి ఇచ్చారు. తర్వాత నన్ను పిలిచి, “బానే ఉందమ్మా. కానీ తేజ వేరు, తాలు వేరు కదా. ఒకే రైతుకి ఎర్రకాయకి ఒక రేటు, తాలుకి ఒక రేటు పడుతుంది. రెండో రేటు ఎక్కడ కొట్టాలి?” అన్నారు.

తేజ ఒక మిర్చి రకం, తాలు అంటే నాసి కాయ. నేను దాని గురించి ఆలోచించనే లేదు. ఇప్పుడు ఒక పట్టీకి ఒకే రేటు కాదు, రేటుకో బరువుల వరస కావాలి. ఇంటికి వచ్చి ‘పట్టీ’ టైపు లోపల ‘రకం’ అని ఇంకో టైపు మొదలుపెట్టాను. కార్గో చెక్ పదకొండు చోట్ల ఎర్రగా చూపిస్తోంది, ఆ పదకొండు చోట్లూ నేను మార్చాల్సినవే. ఏడు అయ్యాయి.